హార్డ్ క్రోమ్ కాఠిన్యం జాబ్‌కో రకంగా వస్తోందా? ఇలా సరిచేయండి

"నిన్న వేసిన రాడ్ 930 చూపించింది. ఇవాళ అదే ట్యాంకు, అదే మనిషి, 760 వచ్చింది. బాత్ పాడైందంటారా?" బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్‌లలోనూ, సరిహద్దు దాటితే కాగజ్‌నగర్ వైపూ ప్లేటింగ్ షాపులు నడిపే మనవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే. బాత్ అంటే ట్యాంకులోని క్రోమిక్ యాసిడ్ ద్రావణం, జాబ్ అంటే క్రోమ్ పూత వేసే వస్తువు, ఆ 930, 760 వికర్స్ కాఠిన్యం అంకెలు. బొగ్గు గనుల డంపర్ల హైడ్రాలిక్ రాడ్లు, సిమెంటు ఫ్యాక్టరీల షాఫ్టులు, కాగితం మిల్లుల రోలర్లు మనకు వచ్చే పని. ఈ పనిలో కాఠిన్యం తగ్గితే ఆ సంగతి మనకన్నా ముందు బొగ్గు దుమ్ముకు తెలిసిపోతుంది.

అందరికీ నేను ఇచ్చే జవాబు ఒకటే. బాత్‌లో ఏదో పొడి కలపడానికి తొందరపడకండి. ఇలాంటి కేసుల్లో నేను చూసినంతవరకు రసాయనం తప్పు తక్కువ. ఉష్ణోగ్రత, జాబ్ మీద నిజంగా పడుతున్న కరెంటు, ఈ రెండింటి జోడీ తప్పడమే ఎక్కువ. అంతకన్నా ఎక్కువగా, కొలవడంలోనే తప్పు ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గాజు థర్మామీటరు ఒకటి. కంట్రోలర్ మీద వెలిగే అంకెను నమ్మడానికి వీల్లేదు.
- డీసీ కొలిచే క్లాంప్ మీటరు. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలు క్లాంప్ మీటరు ఏసీ మాత్రమే చూపిస్తుంది, మనకు పనికిరాదు.
- ట్రూ ఆర్ఎంఎస్ మల్టీమీటరు, అంటే ఏసీ అల ఆకారం ఎలా ఉన్నా సరిగా చదివేది.
- బామే హైడ్రోమీటరు, ద్రావణం ఎంత చిక్కగా ఉందో చూపేది. నెలకోసారైనా ల్యాబ్‌లో క్రోమిక్ యాసిడ్, సల్ఫేట్, ట్రైవాలెంట్ క్రోమియం (క్రోమిక్ యాసిడ్ మారిపోయి ఏర్పడే క్రోమియం రూపం), ఇనుము పరీక్ష చేయించే ఏర్పాటు.
- డీఎం నీళ్లు, అంటే లవణాలు తీసేసిన నీళ్లు.
- జాబ్‌తోపాటు ట్యాంకులో వేలాడదీయడానికి చిన్న ఉక్కు ముక్కలు. జాబ్ ఏ ఉక్కో ఇవీ అదే అయితే మంచిది.
- ఒక నోటు పుస్తకం.

రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రాన్, పని చేసే ఎగ్జాస్ట్ లేకుండా మొదలుపెట్టవద్దు. ఈ ఆవిరిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. ముక్కు లోపల పుండ్లు పడి మధ్య గోడకు చిల్లు పడిన పాత ప్లేటర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

1. తేడా నిజమేనా? ముందు అది తేల్చండి

జాబ్ మీద రాక్‌వెల్ సి యంత్రంతో కొట్టి "58 వచ్చింది, 62 వచ్చింది" అని దెబ్బలాడుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. రాక్‌వెల్ సిలో 150 కిలోల బరువు పడుతుంది. 60 చూపించే చోట కూడా డైమండ్ మొన సుమారు 80 మైక్రాన్లు లోపలికి దిగుతుంది. మీ క్రోమ్ పొర మందం 50 మైక్రాన్లు. అంటే మొన క్రోమ్‌ను చీల్చుకుని ఉక్కులోకి వెళ్లిపోయింది. మీరు చదివింది క్రోమ్ కాఠిన్యం కాదు, అడుగున ఉన్న ఉక్కుది. ఒక రాడ్ ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడిచేసి ఉక్కు పైభాగాన్ని గట్టిపరచడం) చేసినది, ఇంకొకటి చేయనిది అయితే "క్రోమ్"లో తేడా రాక ఏమవుతుంది? ఎగిరిపడే బంతితో కొలిచే చేతి యంత్రాల సంగతీ ఇంతే.

సరైన పద్ధతి వికర్స్ మైక్రో పరీక్ష, 100 గ్రాముల బరువుతో. 900 కాఠిన్యం ఉన్న క్రోమ్ మీద ఈ బరువుకు పడే ముద్ర మూలకు మూల సుమారు 14 మైక్రాన్లు, లోతు 2 మైక్రాన్లు మాత్రమే. ఉపరితలం మీద కొలవాలంటే పొర కనీసం 25 మైక్రాన్లు ఉండాలి, ముందు అద్దంలా పాలిష్ చేయాలి. నా మాట వింటే టెస్ట్ ముక్కను అడ్డంగా కోసి, మౌంట్ చేసి, పాలిష్ చేసి, పొర మధ్యలో కొలవండి. అందుకు ఆ ముక్క మీద 75 మైక్రాన్లు దాటి వేసి ఉంచండి. ముద్ర పొర అంచుకు దగ్గరగా పడితే అంకె తప్పుతుంది.

ఒక్క ముద్రతో తీర్పు చెప్పవద్దు. ఐదు తీసుకుని సగటు చూడండి. ఐదింటి మధ్యనే 100కు మించి తేడా ఉంటే మళ్లీ పాలిష్ చేసి కొలవండి, ఆ తర్వాతే బాత్‌ను అనుమానించండి. హార్డ్ క్రోమ్‌లో సన్నని పగుళ్లు సహజం. ముద్ర పగులు మీద పడితే అంకె పడిపోతుంది.

ఆకురాయితో రాసి చూడటం పాత అలవాటు. ఆకురాయి జారిపోతే క్రోమ్ ఉందని తెలుస్తుంది, అంతే. 750కీ 950కీ తేడాను ఆకురాయి చెప్పలేదు.

2. బాత్‌ను ఒక గీత మీద నిలపండి

మామూలు సల్ఫేట్ బాత్‌కు లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, 2.5 గ్రాముల సల్ఫేట్. అంటే 100కు 1. ఈ నిష్పత్తి 80 నుంచి 120 మధ్య ఉన్నా క్రోమ్ పడుతుంది, కానీ అటూ ఇటూ ఊగుతుంటే కాఠిన్యమూ ఊగుతుంది. 90 నుంచి 110 దాటనివ్వకండి.

సీసం యానోడ్లు (ట్యాంకులో ప్లస్ వైపు పలకలు) కరిగి క్రోమియం ఇవ్వవు. జాబ్ మీద పడే ప్రతి గ్రామూ మీరు పోసిన క్రోమిక్ యాసిడ్‌లోంచే వస్తుంది. సల్ఫేట్ అలా ఖర్చు కాదు, జాబ్‌కు అంటుకుని బయటికి పోయేది తప్ప. అందుకే పట్టించుకోని బాత్‌లో క్రోమిక్ తగ్గి సల్ఫేట్ పాలు పెరుగుతూ పోతుంది. కొత్త క్రోమిక్ యాసిడ్ పోశాక దానితోపాటు వచ్చిన సల్ఫేట్‌ను కూడా లెక్కలో వేయండి.

సల్ఫేట్ ఎక్కువైతే బేరియం కార్బనేట్ కలపాలి. తీసేయాల్సిన ప్రతి గ్రాము సల్ఫేట్‌కు సుమారు 2 గ్రాములు. నీళ్లలో ముద్దలా చేసి కొద్దికొద్దిగా పోయండి, పొంగుతుంది. ఒకేసారి మొత్తం పోసి, అది ఎక్కువై, మళ్లీ సల్ఫ్యూరిక్ పోసి... ఈ చక్రంలో పడిన షాపులు నాకు తెలుసు. లెక్క వచ్చినదాంట్లో సగం కలిపి, కలియబెట్టి, మర్నాడు పరీక్ష చేసి మిగతాది కలపండి.

హైడ్రోమీటరు గురించి ఒక హెచ్చరిక. కొత్త బాత్‌లో 250 గ్రాములకు 21, 22 బామే చూపిస్తుంది. చల్లార్చి 25 డిగ్రీల దగ్గర చూడాలి. పాత బాత్‌లో ఇనుము, ట్రైవాలెంట్ కూడా బరువు చూపిస్తాయి కాబట్టి అంకె 22 ఉన్నా అసలు క్రోమిక్ 200 లోపే ఉండవచ్చు. రోజువారీ పోలికకు హైడ్రోమీటరు చాలు. నిర్ణయం తీసుకోవడానికి ల్యాబ్ అంకె కావాలి.

ట్రైవాలెంట్ క్రోమియం కొద్దిగా ఉండాలి, లీటరుకు 2 నుంచి 5 గ్రాములు. ఇనుము, రాగితో కలిపి మొత్తం 7, 8 గ్రాములు దాటితే కరెంటు సరిగా పారదు, వోల్టేజి పెరుగుతుంది, మంచి క్రోమ్ పడే హద్దు ఇరుకవుతుంది. ట్రైవాలెంట్ తగ్గించడానికి పెద్ద యానోడ్, చాలా చిన్న క్యాథోడ్ (మైనస్ వైపు ముక్క) పెట్టి కొన్ని గంటలు నడపండి. ఇనుముకు అలా లొంగే గుణం లేదు. మామూలు షాపుకు కొంత బాత్ తీసి కొత్తది పోయడమే దారి. కింద పడిన బోల్టును ట్యాంకులో వదిలేయకండి.

నీళ్లు ఎప్పుడూ డీఎం నీళ్లే. ట్యాంకులో మట్టం తగ్గిందని బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోస్తే అందులోని క్లోరైడు పేరుకుంటుంది. నీరు ఆవిరైపోతుంది, క్లోరైడు ఆవిరి కాదు. మన ఎండాకాలంలో రోజూ ఎన్ని బిందెలు ఆవిరవుతాయో మీకు తెలుసు, అన్ని బిందెల క్లోరైడూ బాత్‌లోనే మిగులుతుంది. క్రోమ్ బూడిద రంగులో రావడం, క్రోమ్ పడని చోట ఉక్కు తినేసినట్టు ఉండటం దీని గుర్తులు. హైడ్రోక్లోరిక్‌లో ముంచిన జాబ్‌ను సరిగా కడగకుండా తెచ్చినా ఇదే జరుగుతుంది.

3. ఉష్ణోగ్రత: మన ఊళ్లలో అసలు తంటా ఇక్కడే

చంద్రపూర్ ఎండ గురించి మీకు నేను చెప్పాలా! మే నెలలో 46, 47 డిగ్రీలు. బాత్ ఉండాల్సింది 55. బయటి గాలికీ బాత్‌కూ తేడా పది డిగ్రీలు కూడా లేదు, ఇక వేడి ఎటు పోతుంది?

ఒక లెక్క చూడండి. 785 ఆంపియర్లు, 7 వోల్టులు అంటే 5.5 కిలోవాట్లు. ఇందులో దాదాపు అంతా వేడిగానే మిగులుతుంది. బయటికి పోయే వేడిని పక్కన పెడితే వెయ్యి లీటర్ల ట్యాంకు గంటకు 4 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. మూడు గంటల జాబ్‌లో హీటరు ఆపేసినా 55తో మొదలైనది 62 దాటుతుంది. కరెంటు మాత్రం మొదట పెట్టినదే. మొదటి గంట పొర మెరుస్తూ గట్టిగా, చివరి గంట పొర పాలరంగులో మెత్తగా. కస్టమర్ కొలిచేది పై పొరనే.

డిసెంబరు ఉదయాల్లో దీనికి తిరగబడుతుంది. కంట్రోలర్ ప్రోబు హీటరు పక్కన ఉంటే 55 చూపిస్తుంది, ట్యాంకు అడుగున 48 ఉంటుంది. రాడ్ కింది సగం బూడిదగా, గరుకుగా వచ్చిందంటే ఇదే కారణం అయి ఉండవచ్చు.

కాబట్టి:

గాజు థర్మామీటరుతో పైన, మధ్యలో, అడుగున కొలవండి. ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే బాత్‌ను కలియబెట్టే ఏర్పాటు చేయాలి. గాలి ఊదుతుంటే నూనె లేని బ్లోయర్ వాడండి. కంప్రెసర్ గాలిలో వచ్చే నూనె క్రోమిక్‌ను ట్రైవాలెంట్‌గా మార్చేస్తుంది.

ఎండాకాలానికి కూలింగ్ కాయిల్ తప్పనిసరి. మామూలు సల్ఫేట్ బాత్‌కు టైటానియం కాయిల్ సరిపోతుంది. ఫ్లోరైడు ఉన్న మిశ్రమ కెటలిస్టు బాత్ అయితే టైటానియాన్ని తినేస్తుంది, సీసం గాని టెఫ్లాన్ గాని వాడాలి. కాయిల్‌లోకి మేడమీది నల్ల ట్యాంకు నీళ్లు వదలకండి. మధ్యాహ్నం ఆ నీళ్లతో స్నానం చేయడమే కష్టం, బాత్‌ను ఎలా చల్లబరుస్తాయి? నేల సంపు నుంచి తిప్పండి, పెద్ద షాపు అయితే చిన్న కూలింగ్ టవర్ పెట్టుకోండి. రెండూ కుదరకపోతే మే నెలలో పొడవైన జాబ్‌లను రాత్రికి మార్చండి. నేను చాలా ఏళ్లు అలాగే నడిపాను.

లక్ష్యం 55 డిగ్రీలు, ఒకటి అటూ ఇటూ.

4. విస్తీర్ణం లెక్క వేయండి, కంటితో కరెంటు పెట్టకండి

"ఈ సైజు రాడ్‌కు 600 పెట్టు" అనే పద్ధతి మానేయాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసం, వెయ్యి మిల్లీమీటర్ల క్రోమ్ పొడవు ఉన్న రాడ్ విస్తీర్ణం 15.7 చదరపు డెసిమీటర్లు. చదరపు డెసిమీటరుకు 50 ఆంపియర్లు కావాలంటే 785 పెట్టాలి. 600 పెడితే 38 మాత్రమే పడుతుంది. 55 డిగ్రీల దగ్గర అది ఇంకా నడుస్తుంది. బాత్ 62కు ఎక్కిన రోజు అదే 38 పాలరంగు పొరను ఇస్తుంది.

జోడీ ఇలా గుర్తుంచుకోండి. చదరపు డెసిమీటరుకు 50 డిగ్రీల దగ్గర 30 నుంచి 40 ఆంపియర్లు, 55 దగ్గర 45 నుంచి 55, 60 దగ్గర 60 ప్రాంతం. ఇవి సుమారు అంకెలు, మీ బాత్‌కు మీరే సరిచూసుకోవాలి. ఉష్ణోగ్రత ఎక్కువై కరెంటు తక్కువైతే మెత్తన. ఉష్ణోగ్రత తక్కువై కరెంటు ఎక్కువైతే బూడిద రంగు, పెళుసు, అంచుల్లో గింజలు. మధ్యలో నీలి ఛాయతో మెరిసే తెలుపు వస్తుందే, 850 నుంచి 1050 వికర్స్ దొరికేది అక్కడే. 55 డిగ్రీలు, 50 ఆంపియర్ల దగ్గర గంటకు సుమారు 25 నుంచి 30 మైక్రాన్లు పడుతుంది. మీకు 15 మాత్రమే పడుతుంటే కరెంటు ఎక్కడో దారి తప్పుతోంది.

మూడు రాడ్లు ఒకే బార్‌కు వేలాడదీశారా? మీటరు మీద 2,355 ఉన్నంత మాత్రాన ఒక్కోదానికి 785 వెళ్తోందని కాదు. ఒక్కో జిగ్‌కు (రాడ్‌ను పట్టి వేలాడదీసే బిగింపుకు) డీసీ క్లాంప్ మీటరు పెట్టి చూడండి. ఒకసారి నా షాపులో ఒకే బ్యాచ్‌లో మూడు రాడ్లకు మూడు కాఠిన్యాలు వచ్చాయి. రెండు రోజులు బాత్‌ను తిట్టుకున్నాక క్లాంప్ పెడితే ఒకటి వెయ్యికి పైగా, ఒకటి 500 తీసుకుంటున్నాయి. హుక్కు కింద పచ్చగా చిలుము. ఎమరీ కాగితంతో ఐదు నిమిషాల పని.

5. యానోడ్లు, రెక్టిఫయర్

తగరం 7 శాతం ఉన్న సీసం యానోడ్లు వాడండి. పని చేస్తున్న యానోడ్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పసుపు పూత కనిపిస్తే అది లెడ్ క్రోమేట్, కరెంటును అడ్డుకుంటుంది. ఆ వైపు రాడ్ పలచగా, మెత్తగా వస్తుంది. పసుపును తీయడానికి తడిపి వైర్ బ్రష్‌తో రుద్దండి. పొడిగా రుద్దితే సీసం దుమ్ము ఊపిరిలోకి పోతుంది. ఆ తర్వాత డమ్మీ జాబ్‌తో కొంతసేపు నడిపి గోధుమ పొర తెప్పించండి. బాత్ ఖాళీగా ఉన్న రోజుల్లో యానోడ్లను బయటికి తీసి పెట్టడం మేలు.

రాడ్‌కు చుట్టూ సమాన దూరంలో యానోడ్లు ఉండాలి. రెండు చివర్లలో కరెంటు గుమిగూడకుండా యానోడ్‌ను రాడ్ కంటే కొంచెం పొట్టిగా ఉంచండి, లేదా చివర్లలో దొంగ తీగ (అదనపు కరెంటును తన మీదకు లాక్కునే తీగ) చుట్టండి.

రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే యంత్రం) రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయే ఏసీ అల, 5 శాతం దాటకూడదు. జాబ్ నడుస్తుండగా అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టు, ఏసీ వోల్టు చదవండి. 7 డీసీకి 0.3 ఏసీ అంటే 4.3 శాతం, పర్వాలేదు. 0.9 వచ్చిందంటే ఒక ఫేజు పోయి ఉండవచ్చు. ఇంకో సంగతి, థైరిస్టర్ రెక్టిఫయర్‌ను దాని సామర్థ్యంలో పదో వంతుకు నడిపితే రిపుల్ బాగా పెరుగుతుంది. 5,000 ఆంపియర్ల యంత్రం మీద 300 ఆంపియర్ల చిన్న పిన్ను వేసి "చిన్న జాబ్‌లు మాత్రమే మెత్తగా వస్తున్నాయి" అని ఆశ్చర్యపోకండి. చిన్నవాటికి చిన్న రెక్టిఫయర్ పెట్టుకోండి, లేదా చిన్నవి కొన్ని కలిపి వేయండి.

6. జాబ్‌ను వేసే క్రమం

గ్రైండింగ్ అయ్యాక నూనె వదిలేదాకా ఆల్కలీలో కడిగి, మంచి నీళ్లలో తొలచండి. నీళ్లు పొరలా నిలవాలి. చుక్కలుగా విడిపోతే ఇంకా నూనె ఉందన్న మాట.

రివర్స్ ఎచింగ్ (కరెంటును తిరగేసి ఉక్కు పైభాగాన్ని కొద్దిగా కరిగించడం) వేరే ట్యాంకులో చేయండి, చదరపు డెసిమీటరుకు 15 నుంచి 30 ఆంపియర్ల దగ్గర 30 సెకన్ల నుంచి నిమిషం. ప్లేటింగ్ ట్యాంకులోనే చేస్తే కరిగే ఇనుమంతా బాత్‌లో చేరుతుంది. పోత ఇనుముకు ఎచింగ్ కొద్ది సెకన్లు చాలు. ఎక్కువ చేస్తే నల్లని మసి తేలి పట్టు పోతుంది.

తర్వాత కరెంటు లేకుండా బాత్‌లో ఉంచి జాబ్‌ను వేడెక్కనివ్వండి. 50 మిల్లీమీటర్ల రాడ్‌కు 10, 15 నిమిషాలు. చలికాలం ఉదయం చల్లని రాడ్‌కు వెంటనే పూర్తి కరెంటు ఇస్తే మొదటి పొర బూడిదగా పడుతుంది, దాని మీద పడేవన్నీ దాని దారే పడతాయి. పోత ఇనుమును అంతసేపు ఉంచకండి, వేడి నీళ్లలో వేడెక్కించి తెండి.

కరెంటును మెల్లగా పెంచండి. కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు రెండు మూడు నిమిషాలు ఇచ్చి, తర్వాత లెక్క వేసిన అంకెకు దించండి. అరగంటకోసారి ఆంపియర్లు, వోల్టులు, ఉష్ణోగ్రత రాయండి.

మధ్యలో కరెంటు పోతే? క్రోమ్ మీద క్రోమ్ అంత సులువుగా అతకదు. నిమిషంలోపు వస్తే 3 వోల్టుల దగ్గర మొదలుపెట్టి పది పదిహేను నిమిషాల్లో మెల్లగా పెంచండి. ఆలస్యమైతే కొద్ది సెకన్లు రివర్స్ ఇచ్చి అదే పని చేయండి. గనుల్లో బరువు మోసే రాడ్ అయితే మాత్రం నేను రాజీపడను. కాస్టిక్ సోడాలో రివర్స్ కరెంటుతో పూర్తిగా విప్పి మళ్లీ వేస్తాను. గట్టిపరచిన ఉక్కును హైడ్రోక్లోరిక్‌లో విప్పకండి, హైడ్రోజన్ చేరి పెళుసవుతుంది.

7. బేకింగ్, గ్రైండింగ్

గట్టి ఉక్కు, అంటే 40 రాక్‌వెల్ దాటినది అయితే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కనీసం 3 గంటలు బేక్ చేయండి, ఉక్కులో చేరిన హైడ్రోజన్ పోవడానికి. ఆ ఉక్కు టెంపరింగ్ ఉష్ణోగ్రత దాటకూడదు. ఈ వేడికి క్రోమ్ కాఠిన్యం పెద్దగా తగ్గదు. ఓవెన్ తప్పుగా 400కు పోతే స్పష్టంగా తగ్గుతుంది. కాబట్టి ఓవెన్‌లోనూ వేరే థర్మామీటరు పెట్టండి.

గ్రైండింగ్‌లో పాడుచేసుకున్న కాఠిన్యాన్ని బాత్ మీదకు నెట్టడం మామూలే. మొద్దుబారిన రాయి, తక్కువ నీళ్లు, తొందర కలిస్తే ఉపరితలం కాలి మెత్తబడి పగుళ్లు పెద్దవవుతాయి. మెత్తటి గ్రేడు రాయి, ధారాళంగా కూలెంట్, ఒక్కో కోతకు 5 నుంచి 10 మైక్రాన్లు. గ్రైండింగ్‌కు పోని టెస్ట్ ముక్క మీద కొలవమన్నది ఇందుకే. ముక్క 920, రాడ్ 780 చూపిస్తే తప్పు గ్రైండర్ దగ్గర వెతకాలి.

8. ఇంకా తేడా వస్తుంటే ఈ వరుసలో చూడండి

రాడ్ ఒక చివర మెత్తన, ఇంకో చివర గట్టి: ట్యాంకు పైనా అడుగునా ఉష్ణోగ్రత తేడా, యానోడ్ పొడవు. ఒక పక్క మాత్రమే మెత్తన: ఆ వైపు యానోడ్ పసుపు పూత, లేదా రాడ్ మధ్యలో లేదు. బ్యాచ్‌లో ఒకటే తేడా: జిగ్ కాంటాక్టు. మధ్యాహ్నం వేసినవన్నీ మెత్తన, రాత్రివి బాగు: చల్లబరచడం చాలడం లేదు. అన్నీ నెమ్మదిగా, వారాల తరబడి దిగజారుతున్నాయి: అప్పుడు నెలవారీ పరీక్ష దాకా ఆగకుండా ల్యాబ్‌కు బాత్ పంపండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఉష్ణోగ్రత, కరెంటు, సల్ఫేట్ మూడూ ఒకే రోజు మార్చి 900 వచ్చిందనుకోండి, ఏది పని చేసిందో మీకు తెలియదు, మళ్లీ తప్పినప్పుడు మళ్లీ మొదటికే.

ఇంకొకటి. జాబ్‌లు కడిగిన నీళ్లను కాలువలోకి వదలకండి, ఆ కాలువలు చివరికి వర్ధా నదిలోకే. పీహెచ్ 2, 3 దగ్గర సోడియం మెటాబైసల్ఫైట్ వేసి పసుపు పోయి ఆకుపచ్చగా మారేదాకా ఆగండి. తర్వాత సున్నంతో 8, 9కు తెచ్చి మడ్డిని వేరు చేయండి. బయటికి పోయే నీళ్లలో హెక్సావాలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. క్రోమ్ వేశాక మొదటిసారి కడిగిన నీళ్లు మాత్రం పారబోయాల్సినవి కావు. అలా కడగడం డీఎం నీళ్లతో చేసి, అవే తిరిగి బాత్‌లో ఆవిరైన మట్టానికి పోసుకుంటే క్రోమిక్ యాసిడ్ ఖర్చు కూడా తగ్గుతుంది.